నల్లి నీళ్ళు

అశ్వత్థనారాయణకు ఒక మంచి గుణం ఉంది. ఎదుటి మనిషి మాట ముగిసేదాకా కాచుకోడు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక పురుగుమందుల అంగడి పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో ఏ ఒక్క రైతునూ తన పంటకొచ్చిన రోగం పూర్తిగా చెప్పనిచ్చిన పాపాన పోలేదు. "ఆకులు ముడుచు..." అనేలోపలే డబ్బా బల్ల మీద ఉంటుంది. దీన్ని గిట్టనివాళ్ళు తొందర అంటారు. పనిగల రైతును ఊరికే నిలబెట్టి మాట్లాడించడం తనకు చేతకాదని, అది తన మనసులోని దయ అని అతను అనుకుంటాడు.

చదువు ఇంటర్ దగ్గర తప్పింది. మిగతా విద్యంతా డబ్బాల మీది చీటీలు చదివి సంపాదించుకున్నాడు. అంగడి లైసెన్సు మాత్రం భార్య రూప పేరు మీద ఉంది, ఆమె బీఎస్సీ పాసయింది కాబట్టి. ఆ సంగతి బోర్డు మీద రాయించాడు కూడా, దగ్గరికి పోయి వంగి చూస్తే కనపడేంత అక్షరాల్లో.

అతని లెక్కలో శనక్కాయ వేసేవాడు రైతు, మల్బరీ వేసేవాడు రైతు. కిటికీలో కుండీ పెట్టుకుని దానితో మాట్లాడేవాడు జబ్బు మనిషి. అలాంటివాళ్ళు అంగడికొస్తే గుప్పెడు వేపపిండి పొట్లం కట్టి చేతికిచ్చి, వాళ్ళు మెట్లు దిగకముందే నవ్వేవాడు.

మే నెల మొదటివారంలో పెనుకొండ నుంచి ఒకామె ఫోన్ చేసింది. పేరు జయమ్మ అంది. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయిందంట.

"మా ఇంట్లో నల్లి పట్టినాది, శెట్టిగారూ."

హిందూపురంలో ఈ మాటతో చిక్కుంది. మంచంలో దూరి రక్తం తాగేదీ నల్లే. మల్బరీ ఆకు వెనక ఎర్రటి చుక్కలా కూర్చుని రసం పీలుస్తూ సన్నటి గూడు అల్లేదీ నల్లే. పోతే, కన్నడం పక్కింట్లోనే కాపురం ఉంటుంది కాబట్టి వంటింట్లో నీళ్ళ కొళాయి కూడా నల్లే. అందుకని అశ్వత్థనారాయణ, నల్లి పట్టేస్తే ప్లంబర్ని పిలుచుకోమని చెప్పాడు. అంగట్లో లేపాక్షి నుంచి వచ్చిన రైతులిద్దరుంటే వాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వేసరికి ఇతనికి ఊపొచ్చింది.

ఆమె నవ్వలేదు. చెట్లకు పట్టిందని చెప్పింది. మామూలు చెట్లు కాదంట. పురుగుల్ని తినే చెట్లంట. ఒకటి దవడలు తెరుచుకుని ఉండి ఈగ వాలగానే మూసుకుంటుందంట. ఒకటి మూతలున్న చెంబుల్లాంటి తిత్తులు వేలాడేసుకుంటుందంట, అందులో జారినది పైకి రాదంట. ఇంకొకటి ఆకు నిండా జిగురు బొట్లు పెట్టుకుని దోమల్ని అంటించుకుంటుందంట. ధర్మవరం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన సాల్మన్ సారు ఆమె భర్త. ఆయన యాడాడి నుంచో తెప్పించి, పిల్లల్ని సాకినట్టు సాకినవంట.

అశ్వత్థనారాయణ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, పురుగుల్ని తినే చెట్టును పురుగు తింటోందని రైతులకు చెప్పాడు. వాళ్ళు మళ్ళీ నవ్వారు. ఆమె అవతల చెప్పుకుంటూనే ఉంది. ఇతను రెండో ఫోన్లో ఏదో పేజీ తెరిచి సగం చదివాడు. గంధకం కొడితే ఈ చెట్లు మాడిపోతాయి, నూనె పడదు, సబ్బు పడదు, నీళ్ళలో పూర్తిగా ముంచిపెడితే నల్లి ఊపిరాడక చస్తుంది అని ఉంది. మిగతా సగం చదవడానికి తీరిక లేదు. వైద్యం దొరికాక ఇంకా చదివేవాణ్ణి అతను ఎప్పుడూ గౌరవించలేదు.

"చెట్టును అట్లే నీళ్ళలో ముంచమ్మా. రెండు దినాలుండనీ. తేలకుండా పైన బరువు పెట్టు."

"నల్లి నీళ్ళా?"

"ఆ, నల్లి నీళ్ళే."

నల్లికి వాడే నీళ్ళు అని ఇతని అర్థం. కొళాయి నీళ్ళు అని ఆమె అర్థం. ఈ తేడా ఇతనికి అప్పుడు తెలీదు.

"ఆయప్పకు గూడా పట్టినాది. ఆయప్పను గూడా ముంచల్లనా?"

అప్పటికి అశ్వత్థనారాయణ రైతుకు మందు కలిపే లెక్క చెబుతున్నాడు. కుండీల్లోవాటిని ఆయప్ప, ఈయమ్మ అని పిలుచుకునే జాతి గదా వీళ్ళది, అనుకున్నాడు.

"పట్టినదాన్నల్లా ముంచు తల్లీ. ఒక్కటి మిగిలినా మళ్ళీ అన్నిటికీ పాకుతుంది."

ఫోన్ పెట్టేశాడు.

నాలుగు దినాల తర్వాత, పొద్దున తొమ్మిదికి మళ్ళీ చేసింది. చేతులకు గంధకం పొడి అంటి ఉందని అశ్వత్థనారాయణ మోచేత్తో స్పీకర్ నొక్కాడు. రూప బల్ల దగ్గరే కూర్చుని ఉంది. చెట్లన్నీ నల్లబడిపోయాయని జయమ్మ చెప్పింది. పోతే పోనీ అంది. ఆయప్పతోనే కష్టంగా ఉందంట. మొదటి పూట బాగానే మునిగి ఉన్నాడు, తర్వాత నిలవడం లేదు, రాయి పెట్టినా ఎత్తేస్తున్నాడు, బరువు చాలడం లేదు, ఒకసారి వచ్చి చూసిపోతే పుణ్యముంటుంది అంది. విసుగు లేదు గొంతులో. పెట్టేసింది.

రూప మొగుడి వైపు చూసింది.

"ఆయప్ప ఎవరు?"

"చెట్టు."

"చెట్టు రాయి ఎత్తుతుందా?"

"మొక్కల పిచ్చోళ్ళకు మాట ఒక తీరుగా ఉంటుందా?"

"అడిగినావా?"

అడగలేదని అతను ఒప్పుకోలేదు. ఆ అవసరం కూడా రూపకు కలగలేదు. ముసలివాళ్ళ కాపురమని, ఆయప్ప అంటే ఆమె మొగుడేనని, మంచంలో ఉండి ఉంటాడని, మంచం పట్టినవాడికి నల్లి పట్టడంలో వింతేముందని ఆమె అంది. నువ్వు ఒక మంచంలోని మనిషిని నీళ్ళలో ముంచి పైన రాయి పెట్టమని చెప్పినావు, అంగట్లో నుంచి, నవ్వుకుంటా, అంది. అంతా మెల్లగానే అంది.

అశ్వత్థనారాయణ తిరిగి ఫోన్ చేశాడు. మోగింది. ఎత్తలేదు. ఏడుసార్లు చేశాడు. తర్వాత పెనుకొండ మీదుగా పోయే ధర్మవరం బస్సెక్కాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా ఒకే మాట వల్లించుకున్నాడు. నేను చెట్టుకు చెప్పినా. నేను చెట్టుకే చెప్పినా. పక్కనున్న మనిషి ఇతణ్ణి ఏదో దీక్షలో ఉన్నవాడనుకుని కాస్త జరిగి కూర్చున్నాడు. జేబులో భూతద్దం ఒకటి పెట్టుకుని బయల్దేరాడు. ఆకుల వెనక నల్లిని వెదకడానికి వాడేది. అక్కడ నిజంగానే ఒక మనిషి మునిగి ఉంటే ఆ భూతద్దం దేనికి పనికొస్తుందో తెలీదుగానీ, చేతిలో ఏదో ఒకటి లేకపోతే తను ఎవరో తనకే గుర్తుండదు.

పెనుకొండ బస్టాండులో దిగేసరికి పదకొండున్నర దాటింది. ఆటో అతని పేరు అంజనప్ప. సాల్మన్ సారు ఇల్లు అనగానే వెనక్కి తిరిగి చూశాడు.

"సారు పోయి మూడేండ్లాయ గదన్నా. పెట్టె మోసినోళ్ళలో నేనొకన్ని."

అశ్వత్థనారాయణకు ఆ ఆటో అతణ్ణి కావిలించుకోవాలనిపించింది. ఎవరూ మునగలేదు. చచ్చినవాణ్ణి ఎవరు చంపుతారు! రూపకు ఫోన్ చేసి, ఆయప్ప చెట్టేనని తేల్చి చెప్పాడు. సోడా తాగాడు. తాగుతూ ఉండగానే పోయిన తిరస్కారమంతా వడ్డీతో వెనక్కొచ్చింది. మొగుడి పేరు కుండీకి పెట్టుకుని, ఆ కుండీ రాయి ఎత్తుతోందని ఊళ్ళేలే మనిషికి ఫోన్ చేస్తుందా ఆ ముసల్ది? అక్కడే బస్సెక్కి తిరిగిపోయి ఉంటే సరిపోయేది. నాలుగు మాటలు అనకుండా పోవడానికి ప్రాణం ఒప్పలేదు.

కొండ కింద ఇళ్ళ వరస ముగిసినాక, బండల మధ్య ఒంటిగా ఉంది ఇల్లు. ఆటో అక్కడిదాకా పోదు. అశ్వత్థనారాయణ నడిచాడు. మిట్టమధ్యాహ్నం. నీడ కాళ్ళ కిందికి దూరి దాక్కుంది. ఎండకు బండలు కాగి ఇనుము లాంటి వాసన వేస్తున్నాయి. ఒక కాకి లేదు, ఒక కుక్క మొరగలేదు. తన చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంటి దగ్గరికి వచ్చినాక ఇంకో చప్పుడు వినపడింది. లోపల ఎక్కడో సన్నగా నీళ్ళు పడుతున్నాయి.

జయమ్మ తలుపు తీసింది. చిన్న మనిషి. నున్నగా దువ్వుకున్న తల, ఉతికిన వాయిల్ చీర, కళ్ళద్దాలు. పిచ్చిదానిలా ఎక్కడా లేదు, అది అశ్వత్థనారాయణకు నచ్చలేదు. లోపల కిటికీలకు పచ్చటి నీడవల కట్టి ఉంది. ఆ వెలుతురులో ఆమె ముఖమూ, తన చేతులూ పాచి పట్టినట్టు కనపడ్డాయి. తడిసిన కొబ్బరిపీచు వాసన. దాని కింద ఇంకో వాసన, బకెట్లో నానబెట్టి మరిచిపోయిన బట్టలది. గోడ మీద సిలువ, దాని పక్కన సాల్మన్ సారు ఫోటో. చేతిలో కుండీ పట్టుకుని నవ్వుతున్నాడు. పాఠం అర్థంకాని పిల్లోణ్ణి చూసి నవ్వే నవ్వు.

ఆమె మజ్జిగ ఇచ్చింది. అశ్వత్థనారాయణ తాగి, తర్వాత తిట్టాడు. ఏమని తిట్టాడో ఇక్కడ అనవసరం. తన టైము, తన పేరు, తన ఇరవై రెండేళ్ళు అన్నీ అందులో వచ్చాయి. ఆమె మధ్యలో అడ్డురాకుండా ఆఖరుదాకా వింది. అది కూడా అతనికి నచ్చలేదు.

చెట్లు చూపించింది. గోడ వెంబడి బల్ల మీద పదిహేనో ఇరవయ్యో కుండీలు. దవడల చెట్టు దవడలు తెరిచినవి తెరిచినట్టే నల్లబడి వాలిపోయాయి. చెంబుల తిత్తులు తోలుసంచుల్లా ముడుచుకున్నాయి. అన్నిటినీ కలిపి తెల్లటి గూడు అల్లుకుని ఉంది, ఊపిరి తగిలితే కదిలేంత సన్నగా. అశ్వత్థనారాయణ భూతద్దం తీసి వంగాడు.

ఎర్రటి చుక్కలు. ప్రాణంతో ఉన్నాయి. రెండు దినాలు మునిగి కూడా ఒక్కటీ చావలేదు.

నల్లి తిక్కగా తిరుగుతుంది. ఇటు పోతుంది, అటు పోతుంది, ఊరికే నిలబడుతుంది. ఇవి అట్లా లేవు. ఒకే దారం మీద, ఒకదాని వెనక ఒకటి, వరసగా పోతున్నాయి. అన్నీ ఒకే దిక్కుకు. తిరిగొచ్చేది ఒక్కటీ లేదు. ఆ దారం కుండీ నుంచి కుండీకి, అక్కడి నుంచి కిటికీ చువ్వకు, చువ్వ నుంచి వెనక గుమ్మం మీదికి పోయింది.

ఇరవై రెండేళ్ళలో ఇట్లాంటిది అతను చూడలేదు.

"ఇది మామూలే," అన్నాడు.

"ఈడ గాదు శెట్టిగారూ," అంది జయమ్మ. "ఆయప్ప ఆడ ఉండాడు."

వెనక బట్టలుతికే చోటు. పైన రేకులు. గోడ వారగా సిమెంటు తొట్టి, ఒక మనిషి పట్టేంత పొడుగు. దాని మీద కడపబండ. బండ మీద రుబ్బురాయి. రుబ్బురాయికి అటూ ఇటూ లావుపాటి వృక్షశాస్త్రం పుస్తకాలు, తడిసి ఉబ్బి ఉన్నాయి. బండకూ తొట్టి అంచుకూ మధ్య నాలుగు వేళ్ళ సందు. ఆ సందులోకి కొళాయి నుంచి సన్నటి ధార పడుతోంది. గుమ్మం మీదుగా వచ్చిన దారం ఆ సందులోకే దిగింది.

సందులో నీళ్ళ మీద తెల్లటి పొర కట్టి ఉంది. అశ్వత్థనారాయణ చూస్తుండగా ఆ పొర మెల్లగా ఉబ్బింది... ఉబ్బి, పగిలింది.

టప్.

కొంచెం సేపు ఏమీ లేదు. మళ్ళీ ఉబ్బింది.

టప్.

"రెండు దినాలన్నారు మీరు. నాలుగు దినాలాయ. ఇంకా బుడగలు వస్తాండాయి."

సారు పోయి మూడేళ్ళయిందంట గదమ్మా, అన్నాడు అశ్వత్థనారాయణ. తన మాట తనకే వినపడలేదు.

"ఔను," అంది ఆమె. "పోయినోళ్ళకు పట్టదా, శెట్టిగారూ?"

తర్వాత ఆమె చెప్పుకొచ్చింది, ఇరుగుపొరుగు సంగతి చెప్పినంత నిమ్మళంగా. పోయినేడాది నుంచి సారు సాయంత్రాలు వస్తున్నాడంట. ఎప్పటిలాగే చెట్లకు నీళ్ళు పోసుకుంటాడు, కుర్చీలో కూర్చుంటాడు, ఎవరి జోలికీ పోడు. వేసవి మొదలైనప్పటి నుంచి గోక్కుంటున్నాడంట. లేచిపోయాక కుర్చీ నిండా సన్నటి దారాలు. చెట్ల నుంచి ఆయనకు పట్టిందో, ఆయన నుంచి చెట్లకు పట్టిందో ఆమెకు తెలీలేదు. పట్టినదాన్నల్లా ముంచమని మీరన్నారు గదా, ఒక్కటీ వదలొద్దన్నారు గదా, అంది. వచ్చి పడుకో అంటే వచ్చి పడుకున్నాడంట. ఎప్పుడూ నా మాట కాదనలేదు, అంది.

బండ కదిలింది.

వేలెడంత లేచింది. ఒక పుస్తకం జారి కింద పడింది. బండ మళ్ళీ దిగింది, మెల్లగా, ఎవరో నిద్రలో ఊపిరి వదిలినట్టు.

"కొంచేపు దాని మీద కూర్చోండి," అంది జయమ్మ. "నా బరువు చాల్లేదు."

రాయి తీసేయమ్మా అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అశ్వత్థనారాయణకు ఆ మాట తోచింది కూడా. చెప్పిన వైద్యాన్ని నడిమధ్యలో తప్పని ఒప్పుకోవడం అతనికి అలవాటు లేదు. తొంభై నాలుగు కేజీల మనిషి. కూర్చున్నాడు.

చల్లదనం బండలో నుంచి పైకి వచ్చింది. మే నెల మధ్యాహ్నం, రేకుల కింద... పళ్ళు కొట్టుకున్నాయి.

టప్.

కొళాయి ధార.

టప్.

కింద నుంచి ఎవరో తట్టారు. గట్టిగా కాదు. పలక మీద సుద్దముక్కతో తట్టినట్టు, క్లాసు నిమ్మళించమన్నట్టు. మూడుసార్లు.

తర్వాత సందులో నుంచి...

"నల్లి..."

అశ్వత్థనారాయణ కదల్లేదు.

"నల్లి... కట్టెయ్..."

నల్లిని ఎట్లా కడతారు? అతని బుర్ర అంతవరకే పనిచేసింది. భూతద్దం ఇంకా చేతిలోనే ఉంది. దానిలో తన మణికట్టు పెద్దగా కనపడింది. దాని మీద ఒక దారం. దారం మీద చుక్కలు. ఒకదాని వెనక ఒకటి.

"వాన నీళ్ళు... తప్ప... వద్దని... ఎన్నిసార్లు... చెప్పినా..."

మాటకూ మాటకూ మధ్య నీళ్ళు గుడగుడమన్నాయి. విసుగూ లేదు, కోపమూ లేదు. తప్పు రాసిన పిల్లోడికి మళ్ళీ చెప్పే ఓపిక.

"నల్లి నీళ్ళు... ఒళ్ళు... మండుతాంది..."

అశ్వత్థనారాయణ ఆ మాట ఆఖరుదాకా విన్నాడు. విన్నాకే అర్థమయింది. నాలుగు దినాల కిందట తను "ఆ" అన్నది కొళాయి నీళ్ళకని, వాన నీళ్ళు తప్ప పడని చెట్లు అందుకే నల్లబడ్డాయని అర్థమయింది. చెయ్యి చాచాడు. కొళాయి అందుకోవాలంటే ఆ సందు మీదుగానే చాచాలి. కింద నుంచి ఏదో అతని మోచేతిని తాకింది, మెత్తగా, తడిగా, ఆపుతున్నట్టు కాదు, సాయం చేస్తున్నట్టు. కొళాయి కట్టేశాడు.

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. బుడగ ఆగిపోయింది. ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది.

జయమ్మ ముఖం తేటపడింది. చూస్తిరా, పెద్దచెయ్యి పడితే ఎట్లా అణుగుతుందో, అంది. ఇంక ఎన్ని దినాలు పెట్టల్ల శెట్టిగారూ, అని అడిగింది.

"రెండు దినాలు," అన్నాడు అశ్వత్థనారాయణ.

ఆ మాట ఏ నోటితో అన్నాడో అతనికే తెలీదు. బండ మీద నుంచి లేచాడు. బండ అట్లాగే ఉంది. ఎండలోకి వచ్చి, చెప్పులు అక్కడే మరిచి, కాలే బండల మీద ఒట్టికాళ్ళతో నడిచి ఆటో దాకా వచ్చాడు. హిందూపురం వాళ్ళకు కాళ్ళు కాలవా అని అంజనప్ప అడిగాడు. మణికట్టు మీద దారాన్ని బస్సులో గోకాడు, ఇంటికొచ్చి సబ్బు పెట్టి రుద్దాడు, కిరసనాయిలు రాశాడు. పోయింది. పోయిందనే అనుకున్నాడు.

మరుసటి రోజు రూప మళ్ళీ అడిగింది, ఆయప్ప ఎవరని. చెట్టేనని చెప్పాడు. ఆమె అతని పాదాల బొబ్బల వైపు చూసి, ఇంక అడగలేదు. అశ్వత్థనారాయణ మాత్రం పెనుకొండ నంబరుకు ఫోన్ చెయ్యాలని దినమూ అనుకున్నాడు. రాయి తీసేయమ్మా, అని చెప్పడానికి మూడు సెకన్లు చాలు. అంగట్లో రైతులుండగా చెప్పేదెట్లా, రూప ఉండగా చెప్పేదెట్లా అని నెల గడిపాడు.

జూన్ రెండో వారంలో తొలివాన పడింది. రాత్రంతా కురిసి తెల్లవారి తెరిపిచ్చింది. పదకొండు గంటలకు అంగడి నిండా రైతులు, శనక్కాయ విత్తనానికి మందు పట్టించుకునేవాళ్ళు. ఫోన్ మోగింది. పెనుకొండ నంబరే. అశ్వత్థనారాయణ ఈసారి అందరి ముందరా చెప్పేద్దామని గట్టిగా అనుకుని ఎత్తాడు.

"రాయి తీసెయ్ తల్లీ," అన్నాడు. రూప తలెత్తింది.

అవతల మగగొంతు. నిదానమైన గొంతు, తడి లేని గొంతు, మాట చివర కాస్త కన్నడం సాగదీత.

"నమస్కారం శెట్టిగారూ. నేను సాల్మన్ని. మా ఇంటామెకు నల్లి పట్టినాది."

అశ్వత్థనారాయణ అడ్డురాలేదు.

"మీరు చెప్పినట్టే చేసినా. అయితే వాన నీళ్ళలో ముంచినా, నల్లి నీళ్ళు గాదు. మీరు కూర్చున్న బండే పెట్టినా. ఇంకా బుడగలు వస్తాండాయి. ఎన్ని దినాలు పెట్టల్ల?"

మాట అయిపోయింది. ఫోన్ పెట్టలేదు. సాల్మన్ జవాబు కోసం కాచుకున్నాడు, ఎంతసేపైనా కాచుకునే ఓపికతో. ఆ నిశ్శబ్దంలో దూరంగా, ఫోన్ లోపల...

టప్.

రైతులు చూస్తున్నారు. రూప చూస్తోంది. రెండు దినాలు అనే మాట నాలిక చివరికొచ్చి అక్కడే నిలబడిపోయింది.

టప్.

మునిగిన మనిషిని ఎన్ని దినాలకు బయటికి తియ్యాలో అశ్వత్థనారాయణకు ఆ పూట తెలీదు. ఇప్పటికీ తెలీదు.